నీల్ యంగ్ పాటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త శ్రోత:
కెనడాలో పుట్టిన రాక్ గాయకుడు నీల్ యంగ్ పాటలను శ్రద్ధగా వినాలని ఆయన ఆల్బమ్‌ల జాబితా తెరిచాను. 1968 నాటి తొలి సోలో ఆల్బమ్ నుంచి లెక్కపెడితే స్టూడియో ఆల్బమ్‌లే నలభై దాటాయి. నాకు ఇంతకుముందు తెలిసింది 'హార్ట్ ఆఫ్ గోల్డ్' పాట ఒక్కటే. అది నచ్చి మరో రెండు ఆల్బమ్‌లు వింటే, ఒకదానిలో గిటార్ల హోరు, రెండోదానిలో యంత్రంలోంచి వస్తున్నట్టున్న గొంతు వినిపించాయి. విడుదలైన వరుసలోనే వినాలా, లేక ఏదైనా ఒక ఆల్బమ్‌తో మొదలుపెట్టి అటూ ఇటూ వెళ్లవచ్చా?

పాత రికార్డులు:
వరుసలో వినకండి. ఆ పద్ధతిలో వెళ్తే ఎనభైల దగ్గర ఓపిక నశిస్తుంది. నా దృష్టిలో మొదట వినవలసినది 1979లో వచ్చిన 'రస్ట్ నెవర్ స్లీప్స్'. ఆయనలో ప్రధానంగా ఇద్దరు గాయకులున్నారు: గిటారు, మౌత్ ఆర్గాన్‌తో ఒంటరిగా పాడేవాడొకడు, క్రేజీ హార్స్ బృందంతో కలిసి ఎలక్ట్రిక్ గిటార్‌ను ఉరిమించేవాడొకడు. ఈ ఎల్పీలో మొదటి సైడ్ అంతా మొదటివాడిది, రెండో సైడ్ అంతా రెండోవాడిది. పైగా, ఆరంభంలో నెమ్మదిగా వినిపించే పాటే కొద్దిపాటి మాటల మార్పుతో చివర్లో భీకరంగా తిరిగి వస్తుంది. ఏ సైడ్ మీ మనసుకు పట్టిందో చూసుకుంటే తరువాతి దారి తెలిసిపోతుంది. మొదటిదైతే 1972 నాటి 'హార్వెస్ట్', ఇరవై ఏళ్ల తరువాత చాలావరకు అదే వాద్యకారులతో చేసిన 'హార్వెస్ట్ మూన్' వినండి. రెండోదైతే 1969 నాటి 'ఎవ్రీబడీ నోస్ దిస్ ఈజ్ నోవేర్' వినండి; అందులో రెండు పాటలు తొమ్మిది నిమిషాలు దాటి సాగుతాయి, అయినా ఒక్క క్షణం కూడా ఎక్కువనిపించదు.

నిదానంగా వినేవాడు:
పైవారి సలహాను గౌరవిస్తూనే కొంచెం విభేదిస్తున్నాను. 'హార్ట్ ఆఫ్ గోల్డ్' నచ్చి వచ్చినవారిని ఒక్కసారిగా ఆ హోరులోకి తోయడం ఎందుకు? 1970 నాటి 'ఆఫ్టర్ ద గోల్డ్ రష్'లో పియానో పాటలూ, 'సదర్న్ మాన్' వంటి కోపంతో కూడిన పాటా పక్కపక్కనే ఉన్నాయి కనుక చెవికి అలవాటు క్రమంగా పడుతుంది. ఆ తరువాత 1977లో ఆయనే 35 పాటలు ఎంచి, వాటికి వ్యాఖ్యలు కూడా రాసి తెచ్చిన 'డెకేడ్' వినవచ్చు. 'హార్ట్ ఆఫ్ గోల్డ్' తనను రోడ్డు మధ్యకు చేర్చిందనీ, అక్కడ విసుగు పుట్టి పక్కనున్న గోతివైపు మళ్లాననీ ఆయన చెప్పుకున్నది అందులోనే.

గోతిలో పడినవాడు:
ఆ గోతిని గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా! 1972లో క్రేజీ హార్స్ గిటారిస్ట్ డానీ విట్టెన్, మరుసటి ఏడాది సహాయకుడు బ్రూస్ బెర్రీ మాదకద్రవ్యాల వల్ల మరణించారు. ఆ దుఃఖంలో 1973లో చాలావరకు రికార్డు చేసి, 1975లో గానీ విడుదల చేయని 'టునైట్స్ ద నైట్'లో గొంతు పగులుతుంది, శ్రుతి తప్పుతుంది, దానిని ఎవరూ సరిదిద్దలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆల్బమ్ ఇదే, అయినా మొదట వినమని ఎవరికీ చెప్పను. కనీసం నాలుగైదు ఆల్బమ్‌లతో ఆ గొంతు పరిచయమయ్యాకే అది ఎంతగా విరిగిందో తెలుస్తుంది.

ప్రశ్నలోని యంత్రపు గొంతు బహుశా 1982 చివర వచ్చిన 'ట్రాన్స్' అయి ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట రాని కొడుకుతో సంభాషించడానికి తాను పడిన ప్రయాసే ఆ వోకోడర్ (గొంతును యంత్రపు ధ్వనిలా మార్చే పరికరం) పాటల వెనుక ఉందని ఆయన తరువాత వివరించారు. ఆ సంగతి తెలిశాక నేను దానిని ఎగతాళి చేయడం మానేశాను. మరుసటి ఏడాది పాతకాలపు రాకబిల్లీ (రాక్, కంట్రీ సంగీతాలు కలిసిన తొలినాటి రాక్ అండ్ రోల్) శైలిలో 'ఎవ్రీబడీస్ రాకిన్' రాగా, పాటలు ఆయన తరహాలో లేవంటూ రికార్డు సంస్థ ఆయనపైనే దావా వేసింది. అది ఇప్పుడు వినకపోయినా నష్టమేమీ లేదు.

కొత్త శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. 'రస్ట్ నెవర్ స్లీప్స్' మొదటి సైడ్‌ను రెండుసార్లు విన్నాను, రెండో సైడ్‌ను మాత్రం మధ్యలో ఆపేశాను. అయితే చివరి పాట మొదటి పాటేనని మీరు చెప్పినందువల్ల దానిని ఒక్కదానినే విడిగా విన్నాను. అది వెంటాడుతోంది. ఇక 'ఆఫ్టర్ ద గోల్డ్ రష్' విని, మళ్లీ ఆ రెండో సైడ్ దగ్గరకు వస్తాను.