ఫిడోనెట్‌లో నెట్‌మెయిల్: హబ్ మీదుగానా, నేరుగానా?

బెజవాడ_నోడ్:
ఫిడోనెట్‌లో, అంటే మెషీన్లు ఒకదానికొకటి కాల్ చేసుకుని ఉత్తరాలు అందించుకునే పాత అభిరుచి నెట్‌వర్క్‌లో, ఈమధ్యే నోడ్ (సొంత చిరునామా ఉన్న మెషీన్) తీసుకున్నాను. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద బింక్‌డి (వేరే నోడ్లతో ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునేది), హెచ్‌పీటీ (వాటిని విడదీసి దారి చూపేది) నడుస్తున్నాయి. ఎకోలు (అందరూ చదివే చర్చలు) హబ్ నుంచి, అంటే మాలాంటి నోడ్లకి ఉత్తరాలు పంచే నడిమి మెషీన్ నుంచి, బాగానే వస్తున్నాయి. నా సందేహం నెట్‌మెయిల్ గురించి, అంటే మనిషికి మనిషి రాసుకునే సొంత ఉత్తరాల గురించి. ఉత్తరాల దారి చెప్పే రూట్ లైన్లో, ‘అందరికీ’ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టి అన్నీ హబ్‌కే పంపెయ్యమని ఒకరన్నారు. నోడ్‌లిస్టులో (నోడ్లన్నిటి జాబితాలో) ఇంటర్నెట్ చిరునామా ఉన్నవాళ్లందరికీ నేరుగా పంపమని ఇంకొకరన్నారు. మా ఫైబర్ కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ లేదు, సీజీనాట్ (చాలామందికి ఒకే ఐపీ పంచే ఏర్పాటు) వెనకాల ఉన్నాను. ఏది పెట్టమంటారు?

పాతమోడెం:
హబ్‌కే పెట్టు తమ్ముడూ, అది నడిపేది నేనే, ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. 1984లో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టినప్పుడు ప్రతి నోడూ ప్రతి నోడుకీ ఫోన్ చేసేది. సెయింట్ లూయిస్‌లో నోడ్లు పెరిగేసరికి అది నడవలేదు. బయటి ఊరివాళ్లు అక్కడి నలుగురికి నాలుగు దూరపు కాల్స్ ఎందుకు చెయ్యాలి? ఒకరికి చేస్తే చాలు, ఆయన మిగతా ముగ్గురికీ లోకల్ కాల్‌తో అందిస్తాడు. 1985లో చిరునామాని నెట్ (ఒక ప్రాంతపు గుంపు), నోడ్ (అందులో ఒక్కో మెషీన్) అని విడగొట్టింది అందుకే. ఈ నెట్‌వర్క్ కట్టుబడే అది.

నీ సంగతికొస్తే, సీజీనాట్ వెనకాల ఉన్న మెషీన్‌కి బయటినుంచి ఎవరూ కాల్ చెయ్యలేరు. నువ్వు నేరుగా రాస్తావు, అవతలివాడు నేరుగా జవాబిస్తాడు, అది అతని అవుట్‌బౌండ్‌లోనే (పంపాల్సినవి ఉండే ఫోల్డర్‌లోనే) మూలుగుతుంది. హబ్ అయితే నీకోసం హోల్డ్‌లో పెట్టి ఉంచుతుంది, నువ్వు పోల్ చేసినప్పుడు, అంటే కాల్ చేసి అడిగినప్పుడు, తీసుకుంటావు.

నేరుమార్గం:
దూరపు కాల్‌కి బిల్లు ఇప్పుడెవరు కడుతున్నారండీ? కారణం పోయి ఎన్నో ఏళ్లవుతున్నా పద్ధతి మాత్రం పట్టుకు వేలాడుతున్నాం. సీజీనాట్ లోపలికి రానివ్వదు గానీ బయటికి పోనివ్వదా? ఈయన మెషీన్ అవతలివాళ్ల బింక్‌డి వినే 24554 పోర్టుకి హాయిగా కాల్ చేస్తుంది. ఉత్తరం క్షణాల్లో చేరుతుంది.

హబ్ అంటే నాకెందుకు పడదో చెప్తాను. ఓ మిత్రుడికి రాసిన నెట్‌మెయిల్ ఒక హబ్‌లో నెలకి పైగా ఇరుక్కుపోయింది. అక్కడ కరెంటు పోయి మెషీన్ ఆగిపోయినప్పుడు మావాడి చిరునామా మీద బీఎస్‌వై ఫైల్ (‘బిజీ’ అనే గుర్తు) మిగిలిపోయింది. అది ఉన్నంతసేపూ వేరే సెషన్ ఏదో నడుస్తోందనుకుని బింక్‌డి ఆ నోడు జోలికి పోదు. తీసెయ్యడానికి ఒక్క కమాండ్ చాలు. కానీ ఎవరూ చూళ్లేదు. నేను జవాబివ్వలేదని మావాడూ, వాడు ఇవ్వలేదని నేనూ ముఖాలు తిప్పుకున్నాం.

రాత్రిడ్యూటీ:
ఏది పెట్టినా నక్షత్రం లైన్ అన్నిటికన్నా కింద పెట్టండి. హెచ్‌పీటీ పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదట సరిపోయిన లైన్‌నే తీసుకుంటుంది.

పాతమోడెం:
బీఎస్‌వై ఫైల్ మిగిలిపోవడం రూటింగ్ తప్పెలా అవుతుంది? పాతబడ్డ బీఎస్‌వైని దానంతటదే చెరిపేసే సెట్టింగ్ బింక్‌డిలోనే ఉంది. ఎవరో పెట్టుకోలేదని హబ్‌లన్నిటినీ తిడతారా?

ఇంకో మాట. నేరుగా కాల్ చేసే కొత్తవాడితో పాస్‌వర్డ్ ఉండదు. ఆ సెషన్‌లో వచ్చినదంతా నమ్మకం లేని ఇన్‌బౌండ్‌లో (వచ్చినవి పడే ఫోల్డర్‌లో) పడుతుంది. ఎవడైనా ఎవడి పేరుతోనైనా ప్యాకెట్ తయారుచేసి పడెయ్యొచ్చు. హబ్‌కీ నీకూ మధ్య పాస్‌వర్డ్ ఉంటుంది, ఎవరు తెచ్చారో తెలుస్తుంది.

నేరుమార్గం:
నమ్మకం లేని ఇన్‌బౌండ్‌లో ఎకోమెయిల్ (ఎకోల ఉత్తరాలు) వస్తే హెచ్‌పీటీ టాస్ చెయ్యదు, అంటే విప్పి సర్దదు, ప్యాకెట్ పేరు చివర సెక్ అని మార్చి పక్కన పెడుతుంది. సరే. నెట్‌మెయిల్ అలా కాదు, తీసుకుంటుంది. పైగా మీ హబ్‌కి తెలిసేది చివరి అంగలో ఎవరిచ్చారనే గానీ, అసలు ఎవరు రాశారని కాదు. రెండు అంగల అవతల పేరు మార్చి రాస్తే మీ పాస్‌వర్డ్ ఏం పట్టుకుంటుంది?

పాతమోడెం:
వయా లైన్లు ఉంటాయిగా. దారిలో ప్రతి హబ్ తన చిరునామా, టైమ్ వేసి పంపుతుంది. ఎక్కడ తేడా వచ్చిందో వెనక్కి పోయి చూసుకోవచ్చు. నేరుగా వచ్చినదానికి అలా మధ్యవాళ్ల జాడ ఉండదు.

కృష్ణాతీరం:
ఆయన అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి? సీజీనాట్‌కి మందు చెప్పండి ముందు.

రాత్రిడ్యూటీ:
ఐపీవీ6 (కొత్తరకం ఇంటర్నెట్ చిరునామా) ఉందేమో చూసుకోండి. ఐపీవీ4కి సీజీనాట్ పెట్టిన కనెక్షన్లలో కూడా చాలావాటికి ఉంటుంది. ఉంటే రౌటర్ ఫైర్‌వాల్‌లో 24554 తెరిస్తే చాలు.

నేరుమార్గం:
పాతమోడెం గారూ, సూటిగా అడుగుతున్నా. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నక్షత్రం పెట్టించి మీ మీదకే తిప్పుకోవడం ఎందుకు? పదిమంది ఉత్తరాలు మీ డిస్క్ మీదుగా పోకపోతే మీకేమిటి నష్టం?

పాతమోడెం:
నష్టమా? సర్వర్ అద్దె నా జేబులోంచి పోతోంది. ఎవరినీ పైసా అడగలేదు. పండగ రోజు కూడా లింక్ పడిపోయిందని మెసేజ్ వస్తే లేచి చూసేది నేను. చేతనైనవాళ్లంతా నేరుగా పోయారనుకో, హబ్‌లో మిగిలేది పబ్లిక్ ఐపీ లేనివాళ్లు, పాయింట్లు (ఒక నోడ్ కింద ఉండే వాడుకరులు), రోజుకోసారి మెషీన్ ఆన్ చేసేవాళ్లు. వాళ్లకోసం ఎవరు నడుపుతారు? 1990ల నడుమ నోడ్‌లిస్టులో ముప్పై వేలకు పైగా నోడ్లు ఉండేవి. ఆసియాకంటూ ఉన్న జోన్ 6నే 2007లో ఎత్తేసి ఆస్ట్రేలియా వైపున్న జోన్ 3లో కలిపేశారు. మిగిలిన కాస్తమందిమీ ఎవరి దారి వారు చూసుకుంటే ఇది నెట్‌వర్క్ అనిపించుకోదు.

నేరుమార్గం:
మీ కష్టాన్ని కాదనలేదు. నా బాధ వేరు, ఇన్నాళ్లూ పైకి చెప్పలేదు. ఉద్యోగం మానేస్తున్నానని ఒకరికి నెట్‌మెయిల్ రాశాను. ఇంట్లో కూడా అప్పటికి చెప్పలేదు. కొద్దిరోజులకే ఒక ఎకోలో ఎవరో అందరి ముందూ ఆ సంగతి అడిగారు. ఆ ఉత్తరం దారిలో ఉన్న హబ్ ఒక్కటే. మీది కాదు, వేరేది. నిలదీస్తే, నా మెషీన్ మీదుగా పోయేది చూసే హక్కు నాకుంది అన్నాడాయన. అప్పట్నుంచి నా ఉత్తరం ఎవరి హబ్ మీదుగానూ పోనివ్వను. కాల్ ఖర్చులూ, నక్షత్రం లైన్లూ ఎన్ని చెప్పినా నాది ఒక్కటే మాట.

పాతమోడెం:
బయటపెట్టడం తప్పే. ఫిడోనెట్ నియమావళి అయిన 1989 నాటి పాలసీ 4 కూడా, దారిలో ఉన్న ఉత్తరాన్ని బయటపెట్టకూడదనే చెప్తుంది. కానీ అదే పాలసీ, తన సిస్టమ్ మీదుగా పోయేదాన్ని చూసే హక్కు సిసాప్‌కి (నోడ్ నడిపేవాడికి) ఉందనీ, గోప్యతకి హామీ లేదనీ కూడా చెప్తుంది. దారిలో ఉన్నవాళ్ల ఒప్పుదల లేకుండా తాళం వేసిన, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన ఉత్తరాలు పంపొద్దంటుంది. నా డిస్క్ మీద ఏదైనా చట్టవిరుద్ధమైనది దొరికితే పోలీసులు ఎవరింటికొస్తారు? మీ ఇంటికా?

కృష్ణాతీరం:
మీరు చదువుతారా, చదవరా? అది చెప్పండి.

పాతమోడెం:
చదవను. ఇన్నేళ్లలో ఒక్కటీ తెరవలేదు. కానీ చూసే హక్కు వదులుకోమంటే వదులుకోను.

నేరుమార్గం:
ఆ హక్కు ఉన్నచోట నా ఉత్తరం ఉండదు. మీరు మంచివారే, మీ తర్వాత ఆ సర్వర్ చేతికొచ్చేవాడి సంగతేమిటి? హెచ్‌పీటీలో కార్బన్‌కాపీ సెట్టింగ్ ఒక లైన్ రాస్తే, ఫలానావాళ్ల ఉత్తరాల నకళ్లు వేరే ఏరియాలో పోగవుతాయి. పంపినవాడికి తెలియనే తెలియదు.

పాతమోడెం:
అలాంటి లైన్ నా కాన్ఫిగ్‌లో లేదు.

నేరుమార్గం:
లేదని మీరు చెప్తున్నారు. చూసే వీలు మాకు లేదు.

బెజవాడ_నోడ్:
ఐపీవీ6 ఉంది, పోర్టు తెరిచాను. టెస్ట్ నెట్‌మెయిల్ నేరుగా వచ్చింది కూడా. నేరుగా అందుకునే నోడ్లకి విడిగా లైన్లు రాసి, కింద నక్షత్రం లైన్ హబ్‌కి పెట్టాను. ఐపీవీ6 లేనివాళ్ల జవాబులు ఎలాగూ హబ్ మీదుగానే రావాలి. పాతమోడెం గారూ, మా ఉత్తరాలు పంపేశాక మీ దగ్గర ఏం మిగులుతుంది?

పాతమోడెం:
ఉత్తరం చెరిగిపోతుంది తమ్ముడూ. లాగ్‌లో ఎవరినుంచి ఎవరికి, ఏ టైమ్‌కి అన్నది ఉంటుంది. అది తియ్యను. ఉత్తరం అందలేదని రేపు నువ్వే అడిగితే నేను చూపించాల్సింది అదే.

నేరుమార్గం:
లాగ్ ఎన్నాళ్లు ఉంచుతారో కూడా చెప్పండి.