ఆదాయ వర్గాల వారీగా ఖర్చు వాటాలు: కుటుంబ పరిమాణాన్ని విడదీయడం ఎలా?

ప్రశ్న
కుటుంబ ఖర్చుల సర్వే డేటాలో ఇళ్లను మొత్తం ఆదాయం ప్రకారం ఐదు సమాన వర్గాలు చేసి తిండి, అద్దె, రవాణా, చదువు వాటాలు తీశాను. పై వర్గాలకు వెళ్లేకొద్దీ తిండి వాటా గట్టిగా తగ్గాలి కదా, చాలా నెమ్మదిగా తగ్గుతోంది. పై వర్గాల్లో ఇంటికి మనుషులు కూడా ఎక్కువే. తప్పెక్కడ?

సమాధానం 1
తప్పు వర్గాలు చేసిన తీరులో ఉందండి. ఆదాయం పెరిగితే తిండికి పెట్టే డబ్బు పెరిగినా మొత్తంలో దాని వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. కానీ అదే ఆదాయంతో తినే నోళ్లు పెరిగితే వాటా మళ్లీ పైకి లేస్తుంది. మీ పై వర్గాల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి.

ముందు ఆదాయాన్ని ఓఈసీడీ (సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ) పేరుతో ఉన్న ‘సవరించిన స్కేలు’తో భాగించండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చి కూడే పద్ధతి ఇది: మొదటి పెద్దకు 1, మిగతా పెద్దలు ఒక్కొక్కరికి 0.5, 14 ఏళ్లలోపు పిల్లలకు 0.3. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి 2.4 వస్తుంది. ఆ ఇంటి ఆదాయం 60,000 అయితే లెక్కలోకి వచ్చేది 25,000. ఒంటరిగా ఉంటూ 30,000 సంపాదించే వ్యక్తి ఆ ఇంటికంటే పై వర్గంలోకి వెళ్తాడు. తలసరి తీస్తే 12,000 వచ్చి పెద్ద కుటుంబం మరీ పేదగా కనిపిస్తుంది. వంటగది, ఫ్రిజ్ లాంటివి అందరికీ ఒకటే అన్న సంగతి అందులో పోతుంది.

ఇంకొకటి, ఐదు భాగాలు చేయాల్సింది ఇళ్లను కాదు, మనుషులను. సర్వే వెయిటును (నమూనాలోని ఒక ఇల్లు జనాభాలో ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకె) కుటుంబ సభ్యుల సంఖ్యతో గుణించి వాడండి.

సమాధానం 2
వర్గాల పట్టిక చూడ్డానికి బాగుంటుంది, విడదీయడానికి మాత్రం రిగ్రెషన్ కావాలి, అంటే మిగతావి మారకుండా ఉంచి ఒక్కో కారణం ప్రభావాన్ని విడిగా అంచనా వేసే పద్ధతి. తిండి వాటాను తలసరి మొత్తం ఖర్చు లాగ్ (లాగరిథమ్), కుటుంబ పరిమాణం లాగ్ (పరిమాణం విడిగా ఉంది కాబట్టి ఇక్కడ తలసరి వాడినా ఇబ్బంది లేదు), వయసు వర్గాల నిష్పత్తుల మీద వేయండి. నిష్పత్తులన్నీ కలిపితే 1 అవుతుంది కాబట్టి ఒకదాన్ని వదిలేయాలి.

రిగ్రెషన్‌లో ఖర్చు లాగ్‌కు వచ్చిన గుణకం −0.12, తిండి సగటు వాటా 0.40 అనుకోండి. స్థితిస్థాపకత 1 − 0.12/0.40 = 0.7. అంటే మొత్తం ఖర్చు 10 శాతం పెరిగితే తిండి ఖర్చు సుమారు 7 శాతం పెరుగుతుంది.

ఆదాయం బదులు మొత్తం ఖర్చు ఎందుకంటే, సీజన్ పనులవాళ్లకు ఒక నెల ఆదాయం ఎగిరి పడుతుంది, ఖర్చు అంతగా ఊగదు. అయితే ఆ నెల బండి కొన్న ఇంటికి మొత్తం ఖర్చు ఉబ్బి తిండి వాటా ఉత్తుత్తినే పడిపోతుంది. బండి లాంటి మన్నిక వస్తువుల ఖర్చును ఏడాది మీద పంచండి, లేదా పక్కన పెట్టండి.

అడిగినవారు
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. సొంతిల్లు ఉన్నవాళ్లకు అద్దె సున్నా వస్తోంది. వాళ్లను తీసేయనా?

సమాధానం 3
తీసేయకండి. సొంతిల్లు వయసుతో, ఆదాయంతో ముడిపడి ఉంటుంది. తీసేస్తే నమూనా యువత వైపు ఒరుగుతుంది. అదే ప్రాంతంలో, అదే సైజు ఇంటికి వచ్చే అద్దెను అంచనా వేసి, ఖర్చులోనూ ఆదాయంలోనూ కలపండి. ఒకదానిలోనే కలిపితే పొదుపు లెక్క చెడుతుంది.

చదువు, పొగాకు సున్నాలు వేరు. అక్కడ ఖర్చు పెడతారా లేదా అన్నది ఒక మోడల్, పెట్టేవాళ్లు ఎంత పెడతారన్నది ఇంకో మోడల్. చదువుకు బడి వయసు పిల్లల సంఖ్యను విడిగా పెట్టండి. రెండేళ్ల బిడ్డనూ పన్నెండేళ్ల బిడ్డనూ ఒకే గడిలో వేస్తే గుణకానికి అర్థం ఉండదు.