మెయిన్ రోడ్డులోకి బండ్లు రాకుండా ఆపేస్తే బేరాలు పోతాయా? చార్మినార్ దగ్గర వ్యాపారం చేసేవాళ్లు చెప్పండి

మెయిన్‌రోడ్_బట్టలకొట్టు

నమస్కారం. మాది రాజమండ్రి. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు, తాతగారు పెట్టింది. ముఖం 14 అడుగులే, లోపలికి 60 అడుగులు ఉంటుంది. పైన మేడ మీద మేమే ఉండేవాళ్లం. అమ్మకి మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేకపోతుంటే ఐదేళ్ల కిందట దానవాయిపేటకి మారిపోయాం. ఇప్పుడు ఆ మేడ గోడౌన్. మా వరసలో పదకొండు కొట్లున్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్లు దించాక పైన లైటు వెలిగే ఇళ్లు రెండే.

సాయంత్రం ఆరు దాటితే రెండు వైపులా స్కూటర్లు, మధ్యలో ఆటోలు, మిగిలిన సందులో తోపుడు బండ్లు. మనిషి నడవాలంటే పక్కకి తిరిగి నడవాలి. పెళ్లి బేరాలు, అంటే ఇంటిల్లిపాదీ వచ్చి పరుపు మీద కూర్చుని గంటసేపు చూసి కొనేవి, మాకు బాగా తగ్గాయి. వాళ్లందరూ కారు పెట్టుకునే చోటున్న షాపింగ్ మాల్స్‌కి వెళ్తున్నారు. పోయిన శ్రావణంలో మా తాతగారి కాలం నుంచీ వచ్చే ఇంటావిడ ఫోన్ చేసి, "బాబూ, మీ కొట్టు దాకా వచ్చాం. కారు పెట్టే చోటు దొరక్క రెండుసార్లు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లిపోయాం" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఈలోగా మెయిన్ రోడ్డుని బాగుచేయమని గట్టిగా అడుగుదామని మేం పదిహేను మంది కొట్లవాళ్లం కూర్చున్నాం. సగం మంది చార్మినార్ దగ్గర చేసినట్టు బండ్లు ఆపేసి రాయి పరిపిద్దాం అన్నారు. మిగతావాళ్లు బండి గుమ్మం దాకా రాకపోతే బోణీ కూడా అవదన్నారు. నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తోంది. అక్కడ వ్యాపారం చేస్తున్నవాళ్లు ఉంటే దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫొటోలు నేను చూశాను. నాకు కావాల్సింది గల్లాపెట్టె సంగతి.

చార్‌కమాన్_వెండి

అన్నా, నాది చార్మినార్ పక్కనే, గుల్జార్ హౌజ్ దగ్గర వెండి దుకాణం. పట్టీలు, మట్టెలు, కుందులు, పూజ సామాను. మా బాపు కాలం నుంచి అక్కడే ఉన్నాం. గల్లాపెట్టె అడిగావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

బండ్లు తిరిగిన రోజుల్లో అద్దాల బీరువాలో పెట్టిన వెండి మూడో రోజుకల్లా నల్లబడేది. బస్సులు, ఆటోలు, లారీలు అన్నీ చార్మినార్ చుట్టూ తిరిగేవి. పొగలో ఉండే గంధకానికి వెండి అస్సలు ఆగదు. పొద్దున గంటసేపు పట్టీలు తుడవడమే ఒక పిల్లవాడి పని. ఇప్పుడు పది రోజులకోసారి తుడిస్తే సరిపోతోంది. మా బీరువాలోనే అంత తేడా ఉంటే 1591 నుంచి నిలబడ్డ ఆ సున్నపు పనికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆలోచించు.

గిరాకీ పోలేదు, మారింది. నడిచేవాళ్లు బాగా పెరిగారు. వాళ్లలో ఎక్కువ మంది ఫొటో దిగి, చాయ్ తాగి, లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని పోయేవాళ్లు. మొదటి ఏడాది మేం పాత పద్ధతిలోనే ముందు వరసలో పెద్ద పళ్లేలు, బిందెలు పెట్టి కూర్చున్నాం. చూసి పోయేవాళ్లే తప్ప లోపలికి వచ్చేవాళ్లు లేరు. తర్వాత మట్టెలు, చిన్న పట్టీలు, పసిపిల్లల మొలతాడు గంటలు ముందుకు తెచ్చాం. సాయంత్రం గిరాకీ దాంతో నిలబడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే పెళ్లివాళ్లు మాత్రం మొదట్లో నిజంగానే తగ్గారు. ముసలమ్మలు మదీనా దగ్గర దిగి పత్తర్‌గట్టీ మీదుగా అంత దూరం నడవలేరు కదా. ఇప్పుడు ముందు ఫోన్ చేయమంటాం, మా పిల్లవాడు ఎదురు వెళ్లి తీసుకొస్తాడు, పెద్ద సామాను సంచి మోసుకెళ్లి బండిలో పెట్టి వస్తాడు. ఆ జీతం నాకు కొత్త ఖర్చు. కానీ వాళ్లు తిరిగి వచ్చారు.

ఇక నువ్వు జాగ్రత్తపడాల్సినవి. బండ్లు ఆపి రాయి పరచాలన్న మాట మా దగ్గర 1990ల నుంచే నలిగింది. రాయి పడేసరికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అనడం, తవ్వడం, వదిలేయడం, మళ్లీ తవ్వడం. మా గుమ్మం ముందు గుంట తవ్వి దాని మీద ఒక చెక్క వేసి పోయారు. రెండు పండుగ సీజన్లు ఆ చెక్క మీద నుంచే గిరాకీ రావాలి. ఒకావిడ కాలు జారి పడబోతే మా బాపు పట్టుకున్నాడు. పని చేయించేవాళ్లను అడిగితే ఒకరి పేరు ఒకరు చెప్పారు. అందుకే అడుగుతున్నా, మీరు సంతకం పెట్టే కాగితంలో రాయి రంగు కన్నా ముందు ఇది రాయించండి: ఒకసారికి ఇరవై దుకాణాల ముందే తవ్వాలి, మురుగు పైపు, నీళ్ల పైపు, కరెంటు తీగ అన్నీ అదే గుంటలో అయిపోవాలి, అది పూడ్చాకే తర్వాతి ముక్క. రాయి పరిచాక ఒక పైపు మరిచిపోయామని తీస్తే ఆ రాయి మళ్లీ అదే చోట అదే మట్టంలో కూర్చోదు. మా దగ్గర ఊగే రాళ్లన్నీ అట్లా తీసి పెట్టినవే. వాన పడ్డాక వాటి మీద అడుగేస్తే కింద నీళ్లు పంట్లాం మీదికి చిమ్ముతాయి.

రెండోది సరుకు. మావన్నీ పొద్దున పది లోపే దింపుకుంటాం. నీది బట్టల వ్యాపారం, బేళ్లు దిగాలి. మీ అందరి లారీల టైము ముందే కూర్చుని తేల్చుకోండి. లేకపోతే ఒకరి కోసం అడ్డు తీస్తారు, ఆ సందులో నుంచి నాలుగు ఆటోలు లోపలికి వస్తాయి, వారం తిరిగేసరికి రోడ్డు ఎప్పటిలాగే ఉంటుంది. నేను కళ్లారా చూసిన సంగతి.

మూడోది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. 2025 మే 18, ఆదివారం పొద్దున, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురం, మనందరి ఇళ్లలాగే. లోపలికి పోవడానికి సొరంగంలాంటి ఒకటే సన్నటి దారి. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. అప్పటి నుంచి ఎవరైనా బజారు అందం గురించి మాట్లాడితే నేను మెట్ల దారి ఎంత వెడల్పుందని అడుగుతున్నా. నీ మేడ మీద గోడౌన్ అన్నావు. గుడ్డ ఎట్లా అంటుకుంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. పాత వైరింగ్ ముందు మార్పించు తమ్ముడూ. (అన్నా అని మొదలుపెట్టి తమ్ముడూ అంటున్నాను, ఏమనుకోకు. ఇది మనసులో నుంచి వచ్చింది.)

సున్నం_గచ్చు

పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. పైన అన్న చెప్పిన పత్తర్‌గట్టీ గురించి ఒక మాట. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీ రాతి కమానుల వరస వాళ్ల పనే. రోడ్డు వెడల్పు చేసి ఊరుకోకుండా, నడిచేవాడికి ఎండా వానా తగలకుండా దుకాణం ముందు వసారా పెట్టారు. తర్వాత ఆ వసారాల్లోకి సరుకు వచ్చి కూర్చుంది, నడిచేవాడు రోడ్డు మీదికి దిగాడు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో పాత కొట్లకి అరుగులు, ముందు వసారాలు ఉండే ఉంటాయి. షట్టరు ముందుకు జరిపి వాటిని లోపల కలిపేసుకున్నవాళ్లు ఎంతమందో మీ పదకొండు కొట్లలోనే లెక్కపెట్టి చూడండి.

మొజంజాహీ మార్కెట్ కూడా చూసి రండి. 1935 నాటి రాతి మార్కెట్, అదే బోర్డు కట్టింది. పండ్ల హోల్‌సేల్ కొత్తపేటకి తరలిపోయాక చాలాకాలం దిగులుగా ఉండేది. 2018లో బాగుచేయడం మొదలుపెట్టి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. రాయి మీద పూసిన రంగులు తీశారు, పైకప్పు కారకుండా చేశారు, అడ్డదిడ్డంగా కట్టిన రేకులు, బోర్డులు దించి అన్ని దుకాణాలకీ ఒకే కొలత బోర్డు పెట్టారు. ఐస్‌క్రీమ్ దుకాణాలు అక్కడే ఉన్నాయి, పాత కిరాయిదార్లు ఎక్కువమంది అక్కడే ఉన్నారు. సాయంత్రం పిల్లల్ని తీసుకుని వచ్చే కుటుంబాలతో ఆ నడిమి ఆవరణ నిండుతుంది. మీరు పుష్కరాల దాకా ఎదురు చూడకుండా ఈ నెలలోనే చేయగలిగింది ఆ బోర్డుల పని. పైసా ప్రభుత్వానిది అక్కర్లేదు, పదకొండు మంది ఒప్పుకుంటే చాలు.

పాత గోడలకి సిమెంటు మాత్రం పూయించొద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుక పిండి అయిపోతుంది. సున్నం పనివాళ్లు ఖరీదు ఎక్కువే, దొరకడం కష్టమే. అయినా వెతకండి.

బీసెంట్‌రోడ్_బండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో మా నాన్న తోపుడు బండి మీద పిల్లల బట్టలు అమ్మి నన్ను చదివించాడు. అందుకని ఈ చర్చలో బండ్లవాళ్ల తరఫున నేను మాట్లాడాలి. పదిహేను మంది కొట్లవాళ్లు కూర్చున్నాం అన్నారు. బండివాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి కాగితం ఇచ్చేదాకా ఎవరినీ లేపేయకూడదు. మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రతి ఊళ్లో పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది బండ్లవాళ్లే ఉండాలి. మా నాన్నకి ఇవేవీ తెలియవు. పెద్దాయన ఎవరో వస్తున్నారంటే బండి సందులోకి తోసేసి ఆ రోజు పస్తు ఉండటమే తెలుసు. రోడ్డు అందంగా చేసినప్పుడు మొదట మాయమయ్యేది మేమే. సున్నా పెట్టుబడితో బతికే మనిషికి రెండు వీధులు అవతల చోటిస్తే అది చోటు ఇచ్చినట్టు కాదు, జనం నడిచే దారి మీద ఉంటేనే బండి. నేల మీద గీతలు గీసి ఇది నీది, ఇది దాటకు అనండి. గీత దాటే బండివాడిని మిగతా బండివాళ్లే వెనక్కి తోస్తారు, ఎందుకంటే అందరి చోటూ పోతుందని వాళ్లకి భయం.

ఆర్యాపురం_టీచరమ్మ

బాబూ, నేను మీ ఊరిదాన్నే. రిటైరై తొమ్మిదేళ్లయింది. మా పెద్దమ్మాయి పెళ్లి చీరలు మెయిన్ రోడ్డులోనే కొన్నాం, మీ కొట్లోనేనేమో కూడా. చిన్నమ్మాయి పెళ్లికి రాలేదు. మీరందరూ కారు, పార్కింగ్ అంటున్నారు. నేను రాకపోవడానికి కారణం అది కాదు. రెండు గంటలు బజారులో తిరిగితే ఆడవాళ్లు వెళ్లడానికి బాత్‌రూమ్ లేదు. నాకు షుగరుంది. ఇంటి దగ్గర నీళ్లు తాగకుండా బయల్దేరి, కళ్లు తిరుగుతూ వెనక్కి రావాలి. మాల్‌కి వెళ్లేది చీరల కోసం కాదమ్మా, ఆ ఒక్క గది కోసం. నా ఈడు వాళ్లని ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, మీ మగవాళ్ల మీటింగులో మాత్రం చెప్పరు.

ఇంకొకటి, కూర్చోవడానికి నాలుగు బల్లలు, ఒక చెట్టు నీడ.

మెయిన్‌రోడ్_బట్టలకొట్టు

అందరికీ చేతులెత్తి నమస్కారం. టీచరమ్మగారూ, మీ మాట చదివి మా ఆవిడకి చూపించాను. "నేను పదేళ్లుగా మీ కొట్లో కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నానో ఎప్పుడైనా అడిగారా" అంది. సిగ్గుపడ్డాను. మేడ మీద పాత స్నానాల గది ఉంది, అట్టపెట్టెలు నింపి మూసేశాం. అది ఖాళీ చేయించి, కొన్నా కొనకపోయినా ఆడవాళ్లు వాడుకోవచ్చని గుమ్మం మీద బోర్డు పెడతాను. మెట్లెక్కలేనివాళ్లకి కింద ఏదైనా దారి చూడాలి.

తమ్ముడూ, నిజమే, బండివాళ్లు ఒక్కరూ లేరు. ఈసారి మీటింగుకి మా గుమ్మం ముందు పూలమ్మే ఆవిడనీ, గొడుగులు బాగుచేసే తాతనీ పిలుస్తున్నాను. వాళ్లు తాతగారి కాలం నుంచీ మా అరుగు మీదే ఉన్నారు, పిలవాలని తట్టలేదు.

వెండి అన్నా, ఎలక్ట్రీషియన్‌ని రేపే రమ్మన్నాను. ఒక్క సంగతి చెప్పండి. ఊగే రాయి ఉందని మీరు చెప్పడానికి ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు?

చార్‌కమాన్_వెండి

అదే అసలు ప్రశ్న. తెరిచిన కొత్తల్లో రోజుకి మూడుసార్లు ఊడ్చేవాళ్లు. తర్వాత ఆ మనుషులు వేరే చోటికి పోయారు. కడగడానికి ఒకరు, లైట్లకు ఒకరు, రాయికి ఇంకొకరు. ఏడాదికి ఇన్ని రాళ్లు మార్చాలి, ఇన్ని లైట్లు మార్చాలి అని ముందే లెక్క కట్టి డబ్బు పక్కన పెట్టినట్టు మాకు కనబడలేదు. మా వరసలో మేం ఎనిమిది మందిమి నెలకి ఇంత అని వేసుకుని ఒక మనిషిని పెట్టుకున్నాం. రాత్రి పదకొండుకి దుకాణాలు మూశాక ఊడుస్తాడు, ఊగే రాయి కింద ఇసుక దట్టిస్తాడు. రంజాన్ నెలలో బజారు తెల్లవారుజాము దాకా నడుస్తుంది కాబట్టి అప్పుడు ఇద్దరు.

మీ పదకొండు కొట్లకి ఒక మనిషి జీతం ఎంత పడుతుందో ఈ ఆదివారమే లెక్క వేయండి. రాయి పడక ముందే అతన్ని పెట్టండి, ఉన్న రోడ్డునే ఊడ్వనివ్వండి. ఆర్నెల్లు అందరూ ఆ డబ్బు సరిగ్గా కట్టారంటే అప్పుడు రాయి అడగండి. హైదరాబాద్ వస్తే దుకాణానికి రా. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి ఫోన్ చెయ్యి, పిల్లవాడు ఎదురొస్తాడు. అమ్మను కూడా తీసుకురా, మోకాళ్ల సంగతి మేం చూసుకుంటాం.