శిమిలిగూడ స్టేషన్: ‘దేశంలోకెల్లా ఎత్తైనది’ అన్న మాట ఇంకా చెల్లుతుందా?

కొండరైలు (ప్రశ్న):
బొర్రా గుహలు, అరకు మధ్య ఉన్న శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996.32 మీటర్లనీ, బ్రాడ్‌గేజ్‌లో (వెడల్పు పట్టాల లైన్లలో) దేశంలోనే ఎత్తైనదనీ ఇప్పటికీ పోస్టులు తిరుగుతున్నాయి. నిజమేనా? అంత చిన్న పల్లెకు స్టేషన్ ఎందుకు పెట్టినట్టు? విశాఖ నుంచి వెళ్ళి అక్కడ దిగొచ్చా?

కేకే లైన్:
ఎత్తు సరే, బిరుదు పోయింది. 2008 అక్టోబరులో కాశ్మీర్ లోయలో రైలు మొదలైంది, అక్కడి స్టేషన్లన్నీ 1,500 మీటర్లకు పైమాటే. ‘బ్రాడ్‌గేజ్’ అన్న మెలిక కూడా ఊరికే పెట్టలేదు. నారోగేజ్‌ని (ఇరుకు పట్టాల లైన్లని) కలిపితే డార్జిలింగ్ దారిలోని ఘుమ్ స్టేషన్ 2,258 మీటర్లు!

ఇక స్టేషన్ పెట్టింది పల్లె కోసం కాదండీ, ఇనుప ఖనిజం కోసం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. సింగిల్ లైను కాబట్టి ఎదురెదురు బళ్ళు తప్పుకోవడానికి కొండల్లో కూడా అక్కడక్కడా స్టేషన్లు తప్పలేదు. ఘాట్‌లో వాలు 60కి 1, అంటే 60 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు. శిమిలిగూడ దాటాక అరకు వైపు మళ్ళీ దిగుడే. నిండు ఖనిజం బండికి అసలు పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, ఇక్కణ్ణుంచి కొత్తవలస వైపు దిగేటప్పుడు. బ్రేకు పట్టు సడలితే బండి చేతికి చిక్కదు.

ఘాట్ ప్యాసింజర్:
దిగాలంటే విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ బండి చూసుకోండి. నంబరు, హాల్టులు మారుతుంటాయి, ముందురోజు ఎన్‌టీఈఎస్‌లో (బళ్ళ రాకపోకలు చూపే రైల్వే వారి యాప్) శిమిలిగూడ ఆగుదల ఉందో లేదో చూడాలి. లేకపోతే బొర్రాలోనో అరకులోనో దిగి రోడ్డు మీద వెళ్ళడమే. హోటలు, ఆటో ఉంటాయని ఆశపడొద్దు. నీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి. తిరుగు బండి తప్పితే ఇబ్బందే, దాని టైము ముందే రాసుకోండి. గూడ్సు క్రాసింగుల వల్ల ఆలస్యం మామూలే. వానాకాలంలో కొండచరియలు, బండరాళ్ళు పట్టాల మీద పడి బళ్ళు రద్దవుతాయి, ఆ నెలల్లో రోడ్డు దారి కూడా మనసులో పెట్టుకోండి.

కేకే లైన్:
ఇంకో తిరకాసు: ఒడిశాలో కోరాపుట్ దగ్గర సెమిలిగుడ అని పట్టణం ఉంది. మ్యాపులో పేరు కొడితే అది రావచ్చు. టికెట్ తీసేటప్పుడు బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, అరకు అన్న వరస సరిచూసుకోండి.