తుప్పు పట్టిన పక్షి పంజరాన్ని బాగుచేయవచ్చా?

ఊరు మారుతున్న బంధువులు తమ పాత పంజరాన్ని మాకు ఇచ్చి వెళ్లారు. నడుమెత్తు ఉంటుంది, చట్రం గట్టిగానే ఉంది, పారేయడానికి మనసొప్పడం లేదు. ఇందులో బడ్జీల జంటను పెంచాలని పిల్లల కోరిక. మన దగ్గర చాలామంది లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న చిలుకలే ఇవి.

అడుగు ట్రేలో రెట్టలు రాయిలా గట్టిపడ్డాయి. ఆ ధూళి పీల్చడం మంచిది కాదు కాబట్టి వేడినీళ్లు పోసి నానబెట్టి తీస్తాను, దాని గురించి బెంగ లేదు.

చిక్కంతా తీగలతోనే. అవి జింకు పూత తీగలు. అతుకుల దగ్గర పూత లేచిపోయి ఎర్రటి తుప్పు, మిగతా చోట వేలికి అంటుకునే తెల్లటి పొడి. బడ్జీలు ముక్కుతో తీగలు పట్టుకునే పైకి ఎక్కుతాయి, ఊరికే కొరుకుతాయి కూడా. జింకు కడుపులోకి పోతే వాటికి విషం.

వెనిగర్‌తో రుద్దితే తెల్ల పొడి పోతుంది. అయితే ఆమ్లం మిగిలిన పూతను కూడా తినేస్తుంది కదా, ఎంతసేపు ఉంచి కడిగేయాలి? అతుకుల తుప్పును వైరు బ్రష్‌తో గీకితే సరిపోతుందా, లేక ఆ జాలీ కోసేసి స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ బిగించడమే మేలా? పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి, వేడితో కరిగించి అతికించే పూత) చేయించినవారు ఎవరైనా ఉంటే, పక్షులు కొరికినా అది పెచ్చులూడకుండా నిలిచిందా? సామాన్ల కొట్టతను సిల్వర్ పెయింటు పూసేయమన్నాడు. ఆ సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి!