పోయిన వలకు పడవ యజమాని జరిమానా కట్టాలా? (విశాఖ–శ్రీకాకుళం తీరం)

ఉప్పుగాలి:
నా వాదన ముందే చెప్పేస్తాను. ప్రతి వలకూ పడవ నంబరు ముద్ర ఉండాలి. వల పోతే 24 గంటల్లో రేవులో చెప్పాలి. చెప్పకుండా వదిలేసిన వల తర్వాత దొరికితే ఆ పడవ యజమాని జరిమానా కట్టాలి.

ఎందుకంటే మన తీరంలో గిల్ నెట్లు (చేప మొప్పల దగ్గర ఇరుక్కునేలా నిలువుగా వేసే వలలు) చాలామటుకు మోనో వలలే, అంటే ఒంటిపోగు నైలాన్. పోగు మందం ఎక్కువగా 0.16 నుంచి 0.23 మిల్లీమీటర్లు. గట్టు మీద ఎండలో అయితే పెళుసెక్కి తునుగుతుంది. అడుగున వెలుతురు సోకని చోట ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పైతాడుకి బెండ్లు, అడుగుతాడుకి సీసం గుళ్లు ఉంటాయి కాబట్టి తెగిపోయిన వల కూడా నీళ్లలో గోడలా నిలబడే ఉంటుంది. చేప పడుతుంది, కుళ్లుతుంది, ఆ వాసనకు పీతలొస్తాయి, అవీ చిక్కుకుంటాయి. తినేవాడు లేని వేట అది. గేర్ మార్కింగ్ మీద, అంటే వలలకు ఇలా గుర్తు వేయడం మీద, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ మార్గదర్శకాలకు 2018లోనే ఆమోదం దొరికింది. పసిఫిక్ చెత్త మడుగులో, అంటే ఆ సముద్రంలో ప్లాస్టిక్ తేలుతూ పోగుపడిన చోట, 46 శాతం వలలే. మనం మాత్రం స్ట్రాలు నిషేధించి చేతులు దులుపుకున్నాం.

గెడ్డ_పక్కిల్లు:
ముందు గెడ్డలు, అంటే ఊళ్లోంచి సముద్రంలోకి పోయే కాలువలు, వాటి చెత్త ఆపండి సార్. ఒక్క పెద్ద వాన పడితే ఊళ్లో చెత్తంతా బీచ్‌లోనే. వల సంగతి తర్వాత.

కవ్వల_వల:
ఏటండీ ఇది. వల ఎవడైనా కావాలని పారేస్తాడా? షావుకారు దగ్గర అప్పు తెచ్చి కట్టిన వల. అది పోయినోడి మీద మళ్లీ జరిమానా!

వల ఎలా పోతాదో ముందు తెలుసుకోండి. ఒకటి, రాత్రి వల వేసి పక్కనే కాపు కాస్తుంటే ట్రాలర్, అంటే వల లాక్కుంటూ తిరిగే పెద్ద బోటు, అడ్డంగా లాక్కుపోతాది. రెండు, అడుగున రాయి పట్టేస్తాది. మూడు, నీటి పోటు మారి రెండు పడవల వలలు పెనవేసుకుంటాయి, విడదీయలేక కోసేస్తారు. నాలుగు, తుపాను కబురు ఆలస్యంగా వచ్చి వదిలి రావాల్సి వస్తాది. ఈ నాలుగింట్లో మావోళ్ల తప్పు ఎక్కడుందో చెప్పండి.

ఇంకో మాట. ముద్ర ఎక్కడ కడతారు? బెండు మీదో పైతాడు మీదో. రాయి పట్టినా ట్రాలర్ లాగినా తెగేది కన్నులున్న అల్లిక. పైతాడు, బెండ్లు చాలాసార్లు మా చేతికే తిరిగొస్తాయి. అంటే నంబరు పడవలో ఉంటాది, వల సముద్రంలో ఉంటాది. దొరికిన ముక్క ఎవడిదో మీ ముద్ర ఎలా చెప్తాదండీ?

ఉప్పుగాలి:
> దొరికిన ముక్క ఎవడిదో మీ ముద్ర ఎలా చెప్తాదండీ?

అల్లికలోనే రంగు పోగు కలపొచ్చు. ప్రతి 50 కన్నులకు ఒక రంగు కన్ను, రేవుకో రంగు. వల తయారయ్యేటప్పుడే చేస్తే ఖర్చు పెద్దగా ఉండదు. 46 శాతం అన్న సంఖ్యకి మాత్రం మీరు జవాబు చెప్పలేదు.

తాబేలుగుడ్డు:
మీరిద్దరూ వల దగ్గరే ఆగిపోయారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలూ ఆ నెలల్లోనే ఎక్కువ. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా 61 రోజులుంటుంది. అంటే అవి వచ్చి వెళ్లిపోయాక తలుపు మూస్తున్నాం. ఈ చావులకి వదిలేసిన వలా కారణం, లాగుతున్న ట్రాల్ వలా కారణం? తాబేలుకి ఊపిరితిత్తులే, ట్రాల్‌లో నీటి కింద ఎక్కువసేపు ఇరుక్కుంటే మునిగి చస్తుంది. అలా చచ్చినదానికి ఒంటి మీద గాయం కనపడకపోవచ్చు. కోసి చూస్తే గాలిగొట్టంలో నురగ ఉండొచ్చు, రెక్కల మీద వల కోతలుండొచ్చు, పేగులో ప్లాస్టిక్ అడ్డం పడి ఉండొచ్చు. ఉబ్బి కుళ్లిన కళేబరాన్ని బీచ్ మీద చూసి 'ప్లాస్టిక్ తిని చచ్చింది' అని ఫొటో పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలీదు.

తినడం చిన్న సంగతేం కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో లెక్క కట్టారు: పేగులో 14 ముక్కలుంటే ఆ తాబేలు చావడానికి సగానికి సగం అవకాశం. ఆ ముక్కలు కవర్లూ కావచ్చు, తాళ్లూ కావచ్చు.

కవ్వల_వల:
అదీ! ట్రాలర్ పేరు ఎత్తినోరు ఒకరు దొరికారు. తాబేలు బయటపడే చట్రం, టెడ్, ట్రాలర్లకి తప్పనిసరి అని కాగితం మీద ఉంది. ఎన్ని బోట్లకి ఉందో ఎవరైనా ఎక్కి చూశారా? అది లేదనే అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం మానేసింది. బలం లేని చిన్న పడవ మీద మాత్రం అందరికీ రూల్సు గుర్తొస్తాయి.

పాలిమర్_మాష్టారు:
46 గురించి. ఆ సంఖ్య 2018లో వచ్చిన పసిఫిక్ పరిశోధనది. అక్కడ తేలుతున్న 79,000 టన్నుల్లో బరువు లెక్కన 46 శాతం వలలు. ముక్కల లెక్కన చూస్తే 94 శాతం 5 మిల్లీమీటర్ల లోపు నలుసులే. రెండూ నిజమే, ఏది కొలిచామన్నదే తేడా.

ఇక్కడ అసలు చూడాల్సింది 'తేలుతున్న' అన్న మాట. ఉప్పునీటి సాంద్రత 1.025. పాలీప్రొపిలీన్ 0.90, పాలిథీన్ 0.92 నుంచి 0.96, ఇవి తేలతాయి. నైలాన్ 1.14, మునుగుతుంది. కాబట్టి ఆ మడుగులో ఉన్నవి ముఖ్యంగా పాలిథీన్ ట్రాల్ వలలూ తాళ్లూ. మన మోనో వల బెండ్లు ఊడగానే అడుక్కి పోతుంది. దాని లెక్క ఏ ఉపరితల సర్వేకీ దొరకదు. పసిఫిక్ సంఖ్య తెచ్చి భీమిలి పడవ మీద పెట్టడం కుదరదు. ఆ సంఖ్యను బట్టి మన అడుగున వలలు లేవనుకోవడమూ కుదరదు.

గెడ్డ_పక్కిల్లు:
మూత ఉన్న నీళ్ల సీసా తేలుతుంది, మూత లేనిది నిండి మునుగుతుంది. అదీ ఇదే లెక్కా మాష్టారూ?

పాలిమర్_మాష్టారు:
అదే. సీసా పెట్ ప్లాస్టిక్, సాంద్రత 1.38. మూత పాలిథీనో పాలీప్రొపిలీనో, తేలుతుంది. అందుకే గెడ్డ మూతి దగ్గర తేలే అడ్డు కడితే మూతలూ థర్మోకోలూ ఆగుతాయి, మూతలేని సీసాలూ తడిసిన చిప్స్ రేపర్లూ చాలావరకు కింద నుంచి జారిపోతాయి. అడ్డు కింద అరమీటరు వల వేలాడదీయాలి, రోజూ ఎత్తాలి. ఎత్తకపోతే మొదటి వానకే చెత్త బరువుకి లంగరు తాడు తెగి అడ్డుతో సహా సముద్రంలోకి పోతుంది.

ఉప్పుగాలి:
సాంద్రతల పాఠం బాగుంది గానీ, 46 తప్పు కాదని మీరే ఒప్పుకున్నారు కదా.

కవ్వల_వల:
ఈయన 46 దగ్గరే లంగరేశాడు.

ఉప్పుగాలి:
సరే, చిన్న పడవ పాపం అందాం. రేవుకెళ్లి చూడండి. వల బాగుచేసేటప్పుడు చెడిన కన్నులు కోసి కింద పడేస్తారు. గుప్పెడు గుప్పెడు ముక్కలు, అన్నీ ఆటుకి నీళ్లలోకే. అది ట్రాలర్ చేసిందా? తుపాను చేసిందా?

కవ్వల_వల:
ఆ ముక్కలు వేయడానికి రేవులో ఒక్క తొట్టి పెట్టారా ఎవరైనా? పన్నులు గుర్తుంటాయి, తొట్టి గుర్తుండదు. ట్రాలర్ వల కోసుకుపోయిందని మావోళ్లు ఎన్నిసార్లు చెప్పుకున్నా 'బోటు నంబరు చూశారా' అనే అడిగారు. రాత్రిపూట లైటార్పుకుని పోయే బోటు నంబరు ఎలా కనపడతాదండీ? మావి కనపడతాయి, అందుకే మాకే జరిమానా. ఏసీ గదిలో కూర్చుని రాసేవోళ్లకి ఇదే న్యాయం.

ఉప్పుగాలి:
ఏసీ గది మాట అనవసరం. చర్చ వల గురించి, నా గది గురించి కాదు.

తాబేలుగుడ్డు:
ఇద్దరూ కొంచెం తగ్గండి. కవ్వల గారూ, సముద్ర వేట మీద మన రాష్ట్రం 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ పడవలవే కదా. పెద్ద బోట్లలో ఎక్కడ తిరిగిందో నమోదు చేసే పరికరం ఉంటే అదే సాక్ష్యం. పోయిన వల చోటూ టైమూ చిన్న పడవ చెప్పాలి, ఆ టైముకి అక్కడ తిరిగిన బోటు ఏదో పెద్దవాళ్లు చెప్పాలి. అప్పుడు 24 గంటల నిబంధన మీకే పనికొస్తుంది.

కవ్వల_వల:
జరిమానా లేకుండా అయితే చెప్తాం. జరిమానా ఉంటే ఎవడూ చెప్పడు, వల పోనేలేదంటాడు. ఇది చిన్న లెక్క.

పాలిమర్_మాష్టారు:
అది నిజమే. చెప్పడం ముఖ్యం, ఎందుకంటే పోయిన వల మొదటి రోజుల్లోనే ఎక్కువ చంపుతుంది. నాచు పట్టి, అల్లిక నలిగి కూలాక పట్టే శక్తి బాగా తగ్గుతుంది. అందుకే వెంటనే తీయాలి. బురద, ఇసుక అడుగు అయితే పాతాళగరిగె లాంటి కొక్కేల లంగరుని వల వేసిన గీతకు అడ్డంగా నెమ్మదిగా లాగాలి. గీత వెంబడే లాగితే దొరకదు. రాతి అడుగులో ఇది పనికిరాదు, కొక్కెం రాయిని పట్టేస్తుంది, పగడపు జీవుల్ని పెళ్లగిస్తుంది. అక్కడ డైవర్లు ముక్కలుగా కోసి తీయాలి. బెండ్లున్న పైతాడు ఒక్కసారిగా కోస్తే వల లేచి డైవర్‌కే చుట్టుకుంటుంది.

జరిమానా కంటే డిపాజిట్ మేలు. కొత్త అల్లిక కొనేటప్పుడు కిలోకి ఇంత అదనం, పాతది తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి.

కవ్వల_వల:
తూకం దగ్గర మోసం మొదలవుతాది మాష్టారూ. ఉప్పు, ఇసుక, నాచు పట్టిన వల తడిగా తూస్తే బరువు ఎక్కువ, ఎండబెడితే తక్కువ. ఏది లెక్క? పైగా పాత వలలన్నీ పారేయరు. కొన్ని పెరటి కంచెలకి, కొన్ని రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కడతారు. అవి తిరిగి ఎలా ఇస్తారు?

పాలిమర్_మాష్టారు:
ఎండబెట్టి, దులిపి, తాళ్లూ బెండ్లూ సీసం విడదీసి తూయాలి. ఇది తూకం కోసమే కాదు. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ట్రాల్ వల పాలిథీన్ 130 దగ్గర. రెండూ కలిపి కరిగిస్తే వచ్చేది దేనికీ అతకదు. ఇసుక ఉంటే ముక్కలు చేసే యంత్రం బ్లేళ్లు అరుగుతాయి, మోనో పోగు ఇరుసుకి చుట్టుకుని యంత్రం ఆగుతుంది. కాబట్టి ముందుగా అడుగు పొడవు ముక్కలుగా కోసి వేయాలి. శుభ్రమైన నైలాన్-6 అయితే రసాయనంగా విడదీసి మళ్లీ నూలు తీయొచ్చు, స్లొవేనియాలో 2011 నుంచి చేస్తున్నారు. కేరళలో నీండకర దగ్గర 2017లో మొదలైన పద్ధతి వేరు. బోట్లు వేటలో వలకి పడిన ప్లాస్టిక్ ఒడ్డుకి తెస్తాయి, ఆడవాళ్లు కడిగి వేరుచేస్తారు, పొడిచేసి తారు రోడ్డులో కలుపుతారు.

గెడ్డ_పక్కిల్లు:
రోడ్డు అరిగితే మళ్లీ నలుసులై గెడ్డలోకేగా.

ఉప్పుగాలి:
తిరగేసి తిరగేసి అందరూ ఒకటే దాటేస్తున్నారు. మోనో వల ఉన్నంతకాలం ఇవన్నీ పైపూతలే. పాత మల్టీ వల, అంటే పేనిన పోగుల వల, చిరిగితే కుట్టుకునేవారు. మోనో చిరిగితే కుట్టడం దండగని కోసి పారేస్తారు. పారేసే వల పెరిగింది అందుకే. మోనోని ఆపాలి.

కవ్వల_వల:
అదీ, ఇప్పుడు బయటికొచ్చింది. జరిమానా, ముద్ర, 24 గంటలు అంతా సాకు. మీకు కావాల్సింది మోనో నిషేధం. ఆ మాట మొదటే అనొచ్చు కదా!

మల్టీ వల పగలు తేట నీళ్లలో చేపకి కనపడతాది, తప్పుకుంటాది. రాత్రి మాత్రమే వేయాలి. మోనో అయితే పగలూ పడతాది, తేలిక, ఇద్దరు మనుషులు లాగొచ్చు. మల్టీకి తిరిగెళ్తే మనిషి ఎక్కువ, డీజిల్ ఎక్కువ, చేప తక్కువ. ఆ తేడా ఎవరు పెడతారు?

తాబేలుగుడ్డు:
మట్టిలో కలిసే వలలు? పీబీఎస్ అనే కుళ్లిపోయే ప్లాస్టిక్ లాంటి వాటితో దక్షిణ కొరియాలో సబ్సిడీ ఇచ్చి వాడించారు కదా.

పాలిమర్_మాష్టారు:
నార్వేలో కాడ్ చేప మీద వేసి చూస్తే నైలాన్ కంటే తక్కువ పడింది. పోగు సాగే గుణం, బలం తేడా. ధరా ఎక్కువే. సబ్సిడీ లేకుండా ఎవరూ కొనరు. పైగా 2022లో వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత నియమాలు ప్యాకేజింగ్‌కే. చిప్స్ కంపెనీ తన రేపరుకి జవాబు చెప్పాలి, అల్లిక అమ్మే కంపెనీ చెప్పనక్కర్లేదు. డిపాజిట్ డబ్బు అక్కడి నుంచి రావాలి.

ఉప్పుగాలి:
కంపెనీ మీద వేస్తే ధరలో కలిపి పడవ మీదే వేస్తుంది. తిరిగి అక్కడికే.

కవ్వల_వల:
ఈ ఒక్క మాటలో మీరూ నేనూ ఒకటే. సరే, కోసిన ముక్కల సంగతి. వల బాగుచేసే పాకల దగ్గర సంచి కడితే మావోళ్లు వేస్తారు, అది నేను చెప్పగలను. ట్రాలర్ లెక్క తేలేదాకా ముద్ర మాట మాత్రం ఎత్తొద్దు.

పాలిమర్_మాష్టారు:
కడితే గోనెసంచి కట్టండి. ఎరువుల ప్లాస్టిక్ సంచి పాలీప్రొపిలీన్, ఎండకి పొడిపొడిగా చిరిగి ఆ దారాలు నైలాన్‌లో కలిస్తే లోడంతా వెనక్కి పంపేస్తారు. సీసం గుళ్లు అందులో వేయొద్దు, వాటిని పాతసామాన్లవాడు ఎలాగూ ముందే ఏరుకుంటాడు.

కవ్వల_వల:
గోనెసంచే కడతాం. నిండాక మోసుకెళ్లేదెవరో అది రాయండి.