సాల్వెంట్ షెడ్‌కి ఎలాంటి లైట్లు తీసుకోవాలి?

మాది జీడిమెట్లలో చిన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. రియాక్టర్ల దగ్గర టోలుయిన్, అసిటోన్, అప్పుడప్పుడూ ఈథర్ లాంటి మండే సాల్వెంట్లు వాడతాం. జోన్ 1 ఏరియా, అంటే మామూలు పనిలోనే మండే ఆవిరి ఉండే అవకాశమున్న చోటు. ఉన్నవన్నీ పాత మెర్క్యురీ ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపల మంట పుట్టినా బయటికి రానివ్వని) ఫిట్టింగులు. ఒకదానికి గ్లాండ్ (కేబుల్ లోపలికెళ్లే చోట బిగించేది) తుప్పు పట్టి కేబుల్ ఊగుతోంది. కాంట్రాక్టరేమో "బాడీ ఉంచేసి లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టేద్దాం సార్, సగం ఖర్చు" అంటున్నాడు. అలా చేస్తే పాత సర్టిఫికెట్ చెల్లుతుందా? నాకైతే నమ్మకం లేదు.

కొత్తవే కొంటే గ్యాస్ గ్రూపు ఐఐబి, టెంపరేచర్ క్లాసు టీ4 (ఫిట్టింగు పైభాగం 135 డిగ్రీలు దాటనిది) చాలనుకుంటున్నా. ఈథర్ ఆవిరి 200 డిగ్రీల లోపే అంటుకుంటుంది, అందుకే 200 దాకా వేడెక్కనిచ్చే టీ3 వద్దనుకున్నా. పక్క బ్లాకులో హైడ్రోజనేషన్ ఉంది, హైడ్రోజన్ గ్యాస్ వాడతారు కాబట్టి అక్కడ ఇంకా కఠినమైన ఐఐసి గ్రూపు తప్పదు. రెండుచోట్లా ఐఐసి టీ4 పెట్టేస్తే స్పేర్లు కలిసొస్తాయా, లేక దండగ ఖర్చా? పెసో (కేంద్ర పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అప్రూవల్ మనం కొనే మోడల్‌కే ఉందో లేదో ఎలా చూసుకోవాలి? ప్లాంట్లలో చేసినవాళ్లు కాస్త చెప్పండి, ఈ వారంలోనే ఆర్డర్ పెట్టాలి.